సభ పెట్టుకోవడానికి దరఖాస్తు ఎందుకు?

జిల్లా ఎడిషన్ లోపలి పేజీల్లో తరచూ ఒక చిన్న వార్త వస్తుంది. "జిల్లాలో ఫలానా తేదీ నుంచి ఫలానా తేదీ వరకు పోలీసు చట్టం సెక్షన్ 30 అమల్లో ఉంటుంది. ముందస్తు అనుమతి లేకుండా సభలు, ర్యాలీలు, ధర్నాలు నిర్వహించరాదు." నాలుగైదు లైన్లు, చివర్లో అధికారి హోదా. పక్కనే కరెంటు కోత వేళలు. గడువు అయిపోగానే ఇంకో తేదీతో అదే వార్త మళ్ళీ వస్తుంది. ఏ గొడవ జరిగిందని పెట్టారో, ఏ ప్రమాదం ఉందని పెట్టారో అందులో ఉండదు. ఎవరూ అడగరు కూడా.

ఆ చట్టం 1861 నాటిది. 1857 తిరుగుబాటును అణిచేసి నాలుగేళ్ళు కాలేదు. జనాన్ని అదుపులో పెట్టే పోలీసు బలగం ఎలా ఉండాలా అని ఆలోచించి రాసుకున్న చట్టం అది. తమను ఎవరు పాలించాలో చెప్పే హక్కు ఈ దేశంలో ఒక్కరికీ లేని రోజులు. ఆ చట్టంలోని ఒక సెక్షన్‌తో ఇవాళ అంగన్‌వాడీ టీచర్ల ధర్నానీ, రైతుల ర్యాలీనీ ఆపుతున్నాం.

వలస పాలనలో సభల మీద ఆంక్షలు అనగానే మనకు కాల్పులు, లాఠీలు, జైళ్ళు గుర్తొస్తాయి. వాటిని గుర్తుపెట్టుకోవాల్సిందే. కానీ బ్రిటిష్‌వాళ్ళు వదిలి వెళ్ళినవాటిలో మనల్ని ఎక్కువ కాలం పట్టుకున్నది అనుమతి పద్ధతి అని నా గట్టి నమ్మకం. నలుగురు కూడి మాట్లాడుకోవడం జనం తమంతట తాము చేసుకునే పని. దాన్ని ఆఫీసులో అడిగి తీసుకునే పనిగా మార్చారు. ఆ మార్పు మనకు ఎంత అలవాటైపోయిందంటే, అనుమతి లేని సభ అనగానే అదేదో తప్పు పని అన్నట్టు మనమే మాట్లాడుతున్నాం.

144 సెక్షన్ సంగతి చూడండి. ఆ నంబరు 1882 క్రిమినల్ ప్రొసీజర్ కోడ్‌తో వచ్చింది. అలాంటి అధికారం అంతకు ముందు కోడ్‌లలో వేరే నంబర్ల కింద ఉండేది. అది ఏ అధ్యాయంలో ఉందో చూస్తే పాలకుల చూపు అర్థమవుతుంది. పొరుగువారికి ఇబ్బంది కలిగించే 'న్యూసెన్స్'ను అత్యవసరంగా ఆపడానికి తాత్కాలిక ఉత్తర్వులు ఇచ్చే అధ్యాయం అది. దాని ముందు అధ్యాయం దారికి అడ్డమైన కట్టడాలు, కూలబోయే గోడలు, కంచె లేని బావుల గురించి. వాటి వరుసలోనే జనం గుమికూడటాన్నీ చేర్చారు. మేజిస్ట్రేటుకు ప్రమాదం ఉందనిపిస్తే చాలు, ఎదుటి పక్షం మాట వినకుండానే ఉత్తర్వు ఇవ్వొచ్చు. నేరం జరగాల్సిన పని లేదు. ఉత్తర్వు ఇచ్చాక దాన్ని దాటడమే నేరమవుతుంది.

ఇది ఎలా పనిచేస్తుందో తెలుగువాళ్ళకు చీరాల కంటే బాగా చెప్పే ఉదాహరణ లేదు. చీరాల, పేరాల రెండూ పక్కపక్క ఊళ్ళు, ఎక్కువమంది చేనేత పనివాళ్ళు. ఆ రెండింటినీ కలిపి మునిసిపాలిటీ చేసేసరికి పన్నుల భారం నాలుగు వేల రూపాయల నుంచి నలభై వేలకు పెరిగింది. జనం వద్దన్నారు, పన్ను కట్టం అన్నారు. కొందరు జైలుకు వెళ్ళారు. 1921 ఏప్రిల్ మొదట్లో, బెజవాడలో కాంగ్రెస్ సమావేశం ముగిశాక గాంధీ చీరాల వచ్చి రెండు దారులు చెప్పారు. శాంతియుతంగా పన్ను నిరాకరించడం ఒకటి, ఊరు ఖాళీ చేసి మునిసిపాలిటీ హద్దు దాటి వెళ్ళిపోవడం ఇంకొకటి. దుగ్గిరాల గోపాలకృష్ణయ్య నాయకత్వంలో జనం రెండోది ఎంచుకున్నారు. దాదాపు పదిహేను వేల జనాభాలో చాలామంది ఇళ్ళకు తాళాలు వేసి, పొలిమేర అవతల పాకలు వేసుకుని, దానికి రామనగర్ అని పేరు పెట్టుకుని నెలల తరబడి కాపురాలు చేశారు. ఎండా వానా అక్కడే. మగ్గాలూ అక్కడే.

ప్రభుత్వానికి వచ్చిన ఇబ్బంది ఏమిటంటే, ఇందులో నేరం లేదు. సొంత ఇల్లు వదిలి పాకలో ఉండటాన్ని ఏ సెక్షన్ కింద శిక్షిస్తారు? గోపాలకృష్ణయ్య ఎడింబరోలో చదివి వచ్చినవాడు. రామదండు అని వాలంటీర్ల దళాన్ని తయారుచేశాడు. పాట, పద్యం, చమత్కారంతో గంటల తరబడి జనాన్ని కూర్చోబెట్టగల వక్త. ఆయన చేతల్లో పట్టుకోవడానికి ఏమీ దొరకలేదు. దాంతో నోటిని పట్టుకున్నారు. అదే ఏడాది కాంగ్రెస్ సభల కోసం ఆయన బరంపురం వెళ్ళినప్పుడు 144 కింద మాట్లాడకూడదని ఆంక్ష పెట్టారు. ఆయన మాట్లాడాడు. ఏడాది జైలు, తిరుచిరాపల్లికి తరలింపు. నాయకుడు దూరమయ్యాక రామనగర్ ఎక్కువకాలం నిలవలేదు. పదకొండు నెలలు గడిచేసరికి జనం ఊళ్ళోకి తిరిగి రావాల్సివచ్చింది.

మద్రాసు ప్రెసిడెన్సీలో ఎక్కడో దూరాన ఇచ్చిన ఒక కాగితం వేలమంది చేస్తున్న ఉద్యమం నడుం విరిచింది. చీరాల గురించి రాసేవాళ్ళు వలస వెళ్ళిన జనం గురించి రాస్తారు, గోపాలకృష్ణయ్య మాటకారితనం గురించి రాస్తారు. ఆ కాగితం గురించి ఒక్క వాక్యంతో దాటేస్తారు. ప్రభుత్వం వాడిన అసలు ఆయుధం అదే.

దీనికి పద్నాలుగేళ్ళ ముందే, 1907లో, అనుమతి పద్ధతి పూర్తి రూపంలో దేశం ముందుకొచ్చింది. బెంగాల్ విభజన మీద కోపం ఒకవైపు, పంజాబ్‌లో కాలువ భూముల చట్టం మీద రైతుల కోపం ఒకవైపు. ఆ ఏడాది మే నెలలో లాలా లజపతిరాయ్‌నీ, అజిత్ సింగ్‌నీ విచారణ లేకుండా మాండలే పంపేశారు. అదే నెలలో సభల నియంత్రణకు ఆర్డినెన్సు తెచ్చారు. నవంబరు 1న సిమ్లాలో దాన్ని చట్టం చేశారు. రాజద్రోహ సభల నిరోధక చట్టం అని దాని పేరు. ప్రభుత్వం ప్రకటించిన ప్రాంతాల్లో జనాన్ని ఉద్రేకపరిచే విషయం మీద సభ పెట్టాలంటే ముందుగా రాతపూర్వకంగా నోటీసు ఇవ్వాలి, లేదా అనుమతి తీసుకోవాలి. ఇరవై మందికి మించి కూడితే అది బహిరంగ సభే అనుకుంటారు. కాదని నిరూపించుకునే బాధ్యత కూడినవాళ్ళది. గోపాలకృష్ణ గోఖలే, రాస్ బిహారీ ఘోష్ శాసన మండలిలో దీన్ని గట్టిగా వ్యతిరేకించారు. వీళ్ళిద్దరూ మితవాదులు, బ్రిటిష్ న్యాయం మీద నమ్మకం ఉన్నవాళ్ళు. అంతటివాళ్ళకే ఇది మింగుడు పడలేదు. 1911లో మళ్ళీ తెచ్చిన ఆ చట్టాన్ని స్వాతంత్ర్యం వచ్చి డెబ్భై ఏళ్ళు దాటాక గానీ మనం పుస్తకాల్లోంచి తీసెయ్యలేదు.

అదే 1907 ఏప్రిల్‌లో బిపిన్ చంద్ర పాల్ మన కోస్తా జిల్లాల్లో తిరిగారు. వెంట ముట్నూరి కృష్ణారావు ఉన్నారు. రాజమండ్రిలో ఆయన ఇంగ్లీషు ఉపన్యాసాలను చిలకమర్తి లక్ష్మీనరసింహం తెలుగు చేసి చెప్పారు. ఆ సభల తర్వాత ట్రెయినింగ్ కాలేజీలో వందేమాతరం బ్యాడ్జీల గొడవ మొదలైంది. గాడిచర్ల హరిసర్వోత్తమరావును కాలేజీ నుంచి పంపేశారు. ఆ మేలోనే విద్యార్థులూ ఉపాధ్యాయులూ రాజకీయ సభల జోలికి పోకూడదని రిస్లీ సర్క్యులర్ వచ్చింది. సభను ఆపకుండా సభకు వచ్చేవాడి చదువునూ ఉద్యోగాన్నీ పట్టుకోవడం అన్నమాట. మాస్టార్లు ధర్నాకు వెళ్తే షోకాజు నోటీసు ఇచ్చే పద్ధతి ఎంత పాతదో దీన్నిబట్టి తెలుస్తుంది.

నోటీసు ఇచ్చాం, నిషేధం ప్రకటించాం, కాబట్టి తర్వాత ఏం జరిగినా జనానిదే తప్పు. ఈ వాదన ఎక్కడిదాకా పోగలదో 1919 ఏప్రిల్ 13న అమృత్‌సర్‌లో తేలింది. ఆ ఉదయం జనరల్ డయ్యర్ ఊళ్ళో పంతొమ్మిది చోట్ల దండోరా వేయించాడు. ఊరేగింపులు కూడదు, నలుగురు కూడితే అది చట్టవిరుద్ధ సమూహం అని. ఊళ్ళో చాలా భాగాలకు ఆ దండోరా చేరనేలేదని తర్వాత విచారణలో బయటపడింది. బైశాఖీకి పల్లెల నుంచి వచ్చినవాళ్ళకు అసలేమీ తెలియదు. సాయంత్రం జలియన్‌వాలాబాగ్‌లో సభ జరుగుతుంటే వెళ్ళి, వెళ్ళిపొమ్మని ఒక్క హెచ్చరిక కూడా చెయ్యకుండా, దాదాపు పది నిమిషాల్లో 1,650 తూటాలు కాల్పించాడు. సర్కారు లెక్కలోనే 379 మంది చనిపోయారు. సైనిక శాసనం అధికారికంగా రావడానికి ఇంకా రెండు రోజులుంది. అంటే అంతమందిని చంపడానికి డయ్యర్ చేతిలో ఆధారంగా ఉన్నది ఉదయం వేయించిన ఆ దండోరా ఒక్కటే.

1930 ఉప్పు సత్యాగ్రహం నాటికి నిషేధాలు ఇంట్లోకీ ఒంటి మీదకీ వచ్చేశాయి. గుంటూరులో గాంధీ టోపీ పెట్టుకోవడాన్నే నిషేధించారు. ఆ ఏడాది చివర్లో పెద్దాపురంలో తోటలో విందుకు కూడిన వాళ్ళ మీద పోలీసులు లాఠీలతో విరుచుకుపడ్డారు. అది 'తోటపార్టీ కేసు'గా కోర్టులకెక్కింది. కార్తీక మాసం వనభోజనాలకు వెళ్ళే అలవాటున్న ఊళ్ళలో తోటలో కూర్చుని తినడం కూడా కుట్రలా కనిపించిందంటే, అధికారికి "నాకు అనుమానంగా ఉంది" అనే మాట ఒక్కటే అర్హతగా ఇస్తే ఏమవుతుందో ఊహించుకోవచ్చు.

ఇక్కడ తెలంగాణ సంగతి చెప్పకపోతే కథ సగమే అవుతుంది. నిజాం రాజ్యం నేరుగా బ్రిటిష్ పాలనలో లేదు. రెసిడెంటు అనే బ్రిటిష్ ప్రతినిధి నీడలో ఉంది. సభల విషయంలో మాత్రం బ్రిటిష్ ఇండియా కంటే ఒక ఆకు ఎక్కువే చదివింది. 1920ల్లో వచ్చిన గస్తీ నిషాన్ 53 అనే ఉత్తర్వు గురించి మా తాతల తరం వాళ్ళు పళ్ళు కొరుకుతూ చెప్పేవారు. సభ ఏదైనా సరే సర్కారు అనుమతి ముందు తీసుకోవాల్సిందే. 1930లో జోగిపేటలో సురవరం ప్రతాపరెడ్డి అధ్యక్షతన మొదటి ఆంధ్ర మహాసభ జరిగింది. ఆ తర్వాత దేవరకొండ, ఖమ్మం, సిరిసిల్ల. మొదటి సభల తీర్మానాలు చదివితే గ్రంథాలయాలు, చదువులు, సంఘ సంస్కరణ, వెట్టి బాధ లాంటివి ఎక్కువ. రాజ్యం ఎవరిది అనే ప్రశ్న జోలికి పోరు. ఆ నాయకులకు ధైర్యం లేదని అనడం అన్యాయం. అనుమతి దొరికే హద్దులో సభ పెట్టాలంటే ఎజెండా ముందే కుదించుకోవాలి, మాటను ముందే తూచుకోవాలి. ఆ ఒత్తిడి మధ్యే గస్తీ రద్దు చెయ్యాలని సభ తర్వాత సభ డిమాండ్ చేస్తూ వచ్చారు. ఆ పట్టుదలకు నేను చేతులెత్తి మొక్కుతాను.

1938లో హైదరాబాద్ స్టేట్ కాంగ్రెస్‌ను పుట్టకముందే నిషేధించారు. దాదాపు ఆ రోజుల్లోనే, నిజాం రాజ్యంలో వాడే సంవత్సరాల లెక్క ప్రకారం 1348 ఫస్లీలో, హైదరాబాద్ సిటీ పోలీసు చట్టం వచ్చింది. నిజాం పోయాడు, ఫస్లీ లెక్క పోయింది, హైదరాబాద్ రాష్ట్రం పోయింది, ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ వచ్చి అదీ పోయింది. నగరంలో గుమికూడొద్దని ఇవాళ ఇచ్చే ఉత్తర్వుల్లో '1348 ఫస్లీ' మాత్రం అలాగే ఉంది.

బ్రిటిష్‌వాళ్ళు రాకముందు అందరూ హాయిగా రచ్చబండ మీద కూర్చుని మాట్లాడుకున్నారని నేను అనడం లేదు. ఆ రచ్చబండ ఎక్కే హక్కు ఊళ్ళో సగంమందికి లేదు. 1917లో భాగ్యరెడ్డివర్మ అధ్యక్షతన బెజవాడలో దళితులు తమ మహాసభ పెట్టుకుని, పంచములు అనే పేరు వద్దు, మేము ఆది ఆంధ్రులం అని ప్రకటించారు. వాళ్ళకు అడ్డుగా నిలబడినవాళ్ళు ఖాకీ చొక్కాల వాళ్ళు మాత్రమే కాదు. అందుకే సభ హక్కు గురించి మాట్లాడేటప్పుడు నా మనసులో మొదట ఉండేది పెద్ద పార్టీలు కావు. పార్టీలకు లాయర్లున్నారు, టీవీ చానళ్ళున్నాయి. వేరే గొంతు లేనివాళ్ళకు నడిరోడ్డు మీద నిలబడి అరవడమే మిగిలిన దారి. దాన్ని మూసేస్తే వాళ్ళ మాట ఎక్కడా వినిపించదు.

నేను రిటైరైన టీచర్ని. మా ఊళ్ళో మంచినీళ్ళ చెరువు గట్టు ఆక్రమణల మీద కాలనీవాళ్ళం ఒక సాయంత్రం సభ పెట్టుకుందామనుకున్నాం. షామియానా, ఒక మైకు, ఓ వంద కుర్చీలు. స్టేషన్‌కు వెళ్తే ఎవరెవరు మాట్లాడతారో పేర్లు, ఫోన్ నంబర్లు, ఆధార్ జిరాక్సులు అడిగారు. మైకుకు వేరే దరఖాస్తు. మునిసిపాలిటీ నుంచి అభ్యంతరం లేదని కాగితం. మునిసిపాలిటీకి వెళ్తే ముందు పోలీసు అనుమతి తెమ్మన్నారు. తిరిగి తిరిగి సభ ముందు రోజుకు అన్నీ సమకూర్చి ఇస్తే, అక్కడి అధికారి ఎంతో మర్యాదగా, "మాస్టారూ, ఈ వయసులో మీకెందుకండీ ఈ టెన్షన్? ఈసారికి వద్దులెండి, బందోబస్తు ఇవ్వలేం" అన్నాడు. అదే ముక్క రాసిమ్మంటే నవ్వాడు. సభ జరగలేదు.

కాగితం లేకపోవడమే ఇక్కడ కీలకం. తిరస్కరించినట్టు రాతలో ఉంటే హైకోర్టుకు వెళ్ళొచ్చు. రాతే లేకపోతే దేన్ని సవాలు చేస్తాం? గోపాలకృష్ణయ్యకు కనీసం ఉత్తర్వు చేతికిచ్చారు. దాన్ని దాటే అవకాశం ఆయనకుంది, దాటి జైలుకు వెళ్ళాడు, ఆంధ్రరత్న అయ్యాడు. మాకు ఎదిరించడానికి కూడా ఏమీ దొరకలేదు. ఇలా పుట్టకముందే చనిపోయిన సభలు ప్రతి జిల్లాలో ఎన్ని ఉంటాయో. ఎవరికీ దెబ్బ తగల్లేదు, ఎవరూ అరెస్టు కాలేదు, అందుకని ఏ పేపర్లోనూ రాదు.

రాజ్యాంగం 19వ అధికరణం ఆయుధాలు లేకుండా శాంతియుతంగా కూడే హక్కు ఇచ్చింది. దేశ సమగ్రత, ప్రజా శాంతి కోసం సహేతుకమైన పరిమితులు పెట్టొచ్చంది. 144 చెల్లుతుందని సుప్రీంకోర్టు 1961లో బాబూలాల్ పరాటే కేసులోనూ, 1970లో మధు లిమయే కేసులోనూ చెప్పింది. నాకు ఈ తీర్పులు నచ్చవు, కానీ ఉన్నాయి. 1972లో హిమత్‌లాల్ షా కేసులో అదే కోర్టు, వీధుల్లో సభను నియంత్రించొచ్చు గానీ అధికారి ఇష్టానికి వదిలెయ్యకూడదంది. 2020లో అనూరాధా భసీన్ కేసులో, 144 ఉత్తర్వులు మళ్ళీ మళ్ళీ ఇస్తూ పోవడం అధికార దుర్వినియోగమనీ, ఉత్తర్వులు బయటపెట్టాలనీ చెప్పింది. ఇంత చెప్పినా సెక్షన్ 30 వార్త పేపర్లో వస్తూనే ఉంది. 2024 జూలై 1 నుంచి వలస చట్టాలు పోయాయని ప్రకటించారు. 144 పోయి నాగరిక్ సురక్షా సంహితలో 163 వచ్చింది. చదివి చూస్తే ఆ అధికారం దాదాపు ఉన్నచోటే ఉంది. హైదరాబాద్ ఇందిరా పార్కు దగ్గరి ధర్నా చౌక్‌ను 2017లో మూసేస్తే, అది తిరిగి తెరుచుకోవడానికి హైకోర్టు మెట్లెక్కాల్సివచ్చింది. ప్రతిపక్షంలో ఉండగా ముందస్తు అరెస్టుల మీద మండిపడిన పార్టీలే అధికారంలోకి రాగానే చలో అసెంబ్లీ అన్నవాళ్ళ ఇళ్ళ ముందు తెల్లారకముందే పోలీసుల్ని నిలబెడతాయి. ఇందులో ఏ పార్టీకీ మినహాయింపు ఇవ్వలేను.

మరి ప్రాణాల సంగతేమిటని అడుగుతారు. అడగాల్సిన ప్రశ్నే. 2022 డిసెంబరు 28న కందుకూరు సభలో తొక్కిసలాట జరిగి ఎనిమిది మంది పోయారు. నాలుగు రోజులకే, జనవరి 1న గుంటూరులో మరో ముగ్గురు. ఆ కుటుంబాల దుఃఖం ముందు హక్కుల పాఠం చెప్పడానికి నోరు రాదు. కానీ తొక్కిసలాటను ఆపేది రోడ్డు వెడల్పు, పక్కనున్న కాలువకు అడ్డుకట్ట, బయటికి పోయే దారులు, అంబులెన్సుకు వదిలిన సందు. వీటిని కొలిచి చెప్పడం ఇంజనీర్లూ పోలీసులూ కలిసి చేసే పని. ఆ పని ప్రతి సభకూ చెయ్యమనే నేనూ అడుగుతాను. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం మాత్రం జనవరి 2న జీవో నంబర్ 1 తెచ్చింది. 1861 చట్టం సెక్షన్ 30ని ఆధారం చేసుకుని రోడ్ల మీద సభలనే దాదాపు ఆపేసింది. మే 12న హైకోర్టు దాన్ని కొట్టేసింది. మత ఘర్షణల భయం ఉన్నచోట ఆంక్షలు వద్దని కూడా నేను అనను. అలాంటి చోట ఎందుకు ఆపాలో చెప్పగలగాలి.

పోలీసు శాఖ రాష్ట్ర జాబితాలోని విషయం. 1861 చట్టాన్ని తమ రాష్ట్రం వరకు మార్చుకోవడానికి అమరావతికి గానీ హైదరాబాద్‌కు గానీ ఢిల్లీ వైపు చూడాల్సిన పని లేదు. నేను కోరే సవరణ ఇది. సభ పెట్టేవాళ్ళు మూడు రోజుల ముందు స్టేషన్‌లో సమాచారం ఇస్తారు, రసీదు తీసుకుంటారు. పోలీసులకు అభ్యంతరముంటే ఒక రోజులోగా కారణాలతో రాసివ్వాలి, వేరే చోటో వేరే వేళో సూచించాలి. అసలే వద్దనాలనుకుంటే పోలీసులే జిల్లా జడ్జి దగ్గరికి వెళ్ళి ఒప్పించుకోవాలి. జవాబు రాకపోతే సభ జరుగుతుంది. ఇచ్చిన ప్రతి అభ్యంతరం ఆన్‌లైన్‌లో అందరికీ కనిపించాలి. మా చెరువు గట్టు సభ లాంటివి ఎన్ని, ఏ కారణం చెప్పి ఆపారో అప్పుడు ఎవరైనా చూసుకోవచ్చు. ఈ ముసాయిదాను రాసి మా ఎమ్మెల్యేకూ, ఓడిపోయిన అభ్యర్థికీ ఇద్దరికీ పంపాను. జవాబు వస్తే ఇక్కడే రాస్తాను.